టీబీ రిజిస్టరులో నా పేరు

తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షను చూస్తాను. కొండకు పోయే జనం రాత్రీ పగలూ దిగుతుంటారు. గది ఇచ్చేముందు ఆధార్ జిరాక్సు తీసుకోవాలి, ఫోన్ నంబరు రాసుకోవాలి, ఏ ఊరి నుంచి వచ్చినారో, ఎంతమంది వచ్చినారో పుస్తకంలో ఎక్కించాలి. పోలీసులు వచ్చి అడిగితే చూపించాలి. జిరాక్సు కట్టలు బీరువాలో తాళం వేసి ఉంటాయి. ఫలానా మనిషి మీ లాడ్జిలో దిగినాడా అని బయటివాళ్లు అడిగితే చెప్పం. భార్యనన్నా, అన్ననన్నా చెప్పం. గదికి ఫోన్ చేసి, ఆ మనిషి సరేనంటేనే పైకి పంపుతాం. ఈ ఉద్యోగంలో చేరినప్పుడు మా ఓనరు నాకు నేర్పిన మొదటి పని అది.

నాకు టీబీ వచ్చినప్పుడు నా వివరాలు ఇంకొకరి రిజిస్టరులోకి ఎక్కినాయి. వైద్యం అంతా ఉచితం, మందులు మంచివి, తగ్గింది. ఆ వైద్యం జరిగిన కాలంలో నా పేరు, నా ఫోన్ నంబరు, నా ఇల్లు, నా రోగం ఎవరెవరి చేతుల్లోకి పోయినాయో, నేను ఏం అడిగితే ఏం మారిందో రాస్తున్నాను. ఇప్పుడు కోర్సు వాడుతున్న వాళ్లెవరికైనా పనికొస్తుంది. ఏ ఆసుపత్రి, ఏ సచివాలయం అన్నది రాయను. అక్కడ పనిచేసేవాళ్లంతా నేను బాగుపడాలని కోరుకున్నవాళ్లే. అందుకే ఇది రాయడం అవసరం అనిపించింది. కీడు తలపెట్టిన మనిషి ఒక్కరూ లేకుండానే నా గుట్టు వీధిలో పడింది.

దగ్గు వారాల తరబడి వదల్లేదు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, రాత్రిపూట చొక్కా చెమటకు తడిసిపోయేది. ప్యాంటు నడుము దగ్గర వదులైపోయింది. మందుల అంగట్లో ఇచ్చిన సిరప్పులు తాగి తాగి విసుగొచ్చినాక నా భార్య పట్టుబట్టి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయింది.

ఓపీ కౌంటరు పక్కన గోడకు క్యూఆర్ కోడ్ అంటించి ఉంది. ఆభా యాప్ ఉన్నవాళ్లు దాన్ని స్కాన్ చేస్తే పేరు, వయసు, చిరునామా, ఫోన్ నంబరు నేరుగా కౌంటరు కంప్యూటరుకు పోయి టోకెన్ వస్తుంది. లేనివాళ్లను పక్క బల్ల దగ్గరికి పంపుతున్నారు. అక్కడ కూర్చున్న అబ్బాయి నా ఆధార్ నంబరు కొట్టి, "ఓటీపీ చెప్పన్నా" అన్నాడు.

"దేనికి తమ్ముడూ?"

"ఆభా కార్డుకన్నా. అందరికీ చేస్తా ఉండాం."

"అది లేకుంటే డాక్టరు చూడరా?"

"చూస్తారన్నా. ఉంటే మంచిదని చేస్తా ఉండాం. లైను నిలిచిపోయింది చూడు, చెప్పన్నా."

ఒప్పుకోలు పత్రం తెర మీద ఉంది. తెర ఆ అబ్బాయి వైపు తిరిగి ఉంది. నేను అంకెలు చెప్పినాను, టిక్కు అతను పెట్టినాడు. కాసేపటికి నా ఫోన్‌కు 14 అంకెల నంబరు వచ్చింది.

ఆభా అంటే ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్. కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ తెచ్చిన డిజిటల్ ఆరోగ్య కార్యక్రమంలో భాగం. ఏ ఆసుపత్రిలో చూపించుకున్నా చీటీలు, రిపోర్టులు ఆ నంబరు కింద కలిసే ఏర్పాటు. ఇది ఎవరి ఇష్టం వాళ్లది, తప్పనిసరి కాదు. ఆభా లేదని వైద్యం ఆపకూడదు. ఇదంతా నేను తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. ఆ బల్ల దగ్గర రాసిపెట్టి ఉంటే వరుసలో నిలబడిన అందరం చదువుకునేవాళ్లం.

గళ్ల పరీక్షకు రెండు డబ్బీలు ఇచ్చినారు. ఒకటి అప్పటికప్పుడు, ఇంకొకటి మరుసటి రోజు పొద్దున్నే నిద్ర లేచీ లేవగానే. ట్రూనాట్ యంత్రంలో పెట్టి చూసినారు. టీబీ ఉందన్నారు, మందులకు లొంగే రకమేనన్నారు.

ఆ మాట చెప్పింది వరండాలో వేసిన బల్ల దగ్గర. చుట్టూ షుగరు మాత్రలకు వచ్చినవాళ్లు, కుక్క కాటు సూదికి వచ్చినవాళ్లు, చంటిబిడ్డలను ఎత్తుకున్న తల్లులు. బల్ల మీద పెద్ద రిజిస్టరు తెరిచి ఉంది. నా పేరు రాయబోయే గీత పైన ఇంకో పది, పదిహేను పేర్లు, వాళ్ల ఊళ్లు, ఫోన్ నంబర్లు. తల వంచకుండానే చదవొచ్చు. మా వీధి చివర ఇస్త్రీ చేసే ఆయన పేరు అందులో చూసినాను. ఆయనకు టీబీ అని నాకు తెలియాల్సిన పని లేదు. ఇప్పటికీ ఆయన ఎదురైతే ఆ సంగతి నాకు తెలుసని ఆయనకు తెలియదు. నా పేరు ఇంకెవరి కంట పడిందో నాకూ తెలియదు.

అడిగిన వివరాలు చాలానే. ఆధార్, ఫోన్, ఇంటి చిరునామా, బ్యాంకు పాసుబుక్కు, బరువు, చేసే పని, తాగుడూ పొగాకూ, ఇంట్లో ఎందరు, వాళ్ల వయసులు. అవి అడగడం మీద నాకు ఫిర్యాదు లేదు. దేనికదే పని ఉంది. మాత్రలు ఎన్ని వేసుకోవాలన్నది బరువును బట్టి తేలుతుంది. బ్యాంకు ఖాతా నిక్షయ్ పోషణ్ యోజన డబ్బుకు. 2018 ఏప్రిల్‌లో నెలకు 500 రూపాయలతో మొదలుపెట్టి, 2024 నవంబరు నుంచి 1,000 చేసినారు. మందు వేసుకున్నన్ని నెలలూ తిండికని ఇస్తారు. గుడ్లకు, పాలకు నాకు అక్కరకొచ్చింది. టీబీని డాక్టర్లు ప్రభుత్వానికి తెలియజేసి తీరాలని 2012లోనే ఉత్తర్వు ఉంది. 2018లో మందుల అంగళ్లనూ అందులోకి తెచ్చినారు. ప్రైవేటులో చూపించుకున్నా పేరు నిక్షయ్‌లో, అంటే టీబీ రోగుల వివరాలు ఉంచే ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కాల్సిందే. గాలిలో పాకే జబ్బు కాబట్టి అది సబబే.

ఇంట్లో వాళ్ల వివరాలు ఎందుకో నాకు బాగా తెలిసొచ్చింది. నా కూతురికి నాలుగేళ్లు. ఆ వివరం రాసుకున్నందుకే ఆ బిడ్డను పిలిపించి చూసినారు. జబ్బు లేదని తేల్చుకుని, రాకుండా ఉండేందుకు ఐసోనియాజిడ్ మాత్రలు ఆరు నెలలు ఇచ్చినారు. ఆ రిజిస్టరు లేకుంటే నా బిడ్డ సంగతి ఎవరికీ పట్టేది కాదు. ప్రభుత్వం వివరాలు తీసుకోవడమే తప్పనే వాళ్లతో నేను ఏకీభవించను.

అదే రోజు ఇంకో సంగతి జరిగింది. టీబీ ఉన్నవాళ్లందరికీ షుగరు, హెచ్ఐవీ పరీక్షలు కూడా చేస్తారు. హెచ్ఐవీ పరీక్షకు ఐసీటీసీ గదికి, అంటే ముందు మాట్లాడి తర్వాత పరీక్ష చేసే గదికి పంపినారు. లోపల ఉన్న కౌన్సిలరమ్మ ముందు లేచి తలుపు మూసింది. నా భార్యను కూడా బయట కూర్చోమంది. పరీక్ష ఎందుకు, ఫలితం ఎవరికి చెప్తారు, వద్దనే హక్కు నాకుందని నిదానంగా చెప్పింది. కాగితం నా చేతికిచ్చి చదివించి సంతకం పెట్టించుకుంది. ఫలితం కూడా తలుపు మూసి నాకొక్కడికే చెప్పింది. లేదని వచ్చింది.

వరండాలోని బల్లకూ ఆ గదికీ మధ్య ఇరవై అడుగుల దూరం. రెండూ ఒకే ప్రభుత్వానివి, జీతాలిచ్చేదీ ఒకరే. ఎందుకింత తేడా అని ఆ రాత్రి నిద్ర పట్టక వెతికినాను. హెచ్ఐవీకి ప్రత్యేకంగా చట్టం ఉంది. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో పెట్టినారు. రోగి తెలిసి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు, ఆ వివరాలున్న కాగితాలను, కంప్యూటర్లను కాపాడే ఏర్పాట్లు చెయ్యాలి. ఆ తలుపు వెనక ఎన్నో ఏళ్ల పాటు రోగులు చేసిన పోరాటం ఉంది. టీబీకి అట్లాంటి చట్టం లేదు. మానం అవమానం ఈ జబ్బుకూ ఉన్నాయి. మా తాత తమ్ముడిని అప్పట్లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో చేర్చి, ఊళ్లో మాత్రం మద్రాసులో పని దొరికిందని చెప్పినారట. ఆయన ఇద్దరు చెల్లెళ్లకు సంబంధాలు కుదిరేదాకా ఇంట్లో ఆ ఊరి పేరు ఎత్తేవాళ్లు కాదని మా అవ్వ చెప్పేది.

మందు మొదలైన వారంలోపే ఇంటికి వచ్చినారు. ఇంట్లో వాళ్లకు దగ్గు ఉందా లేదా చూడటానికి రావాలి, అది వాళ్ల పని. వచ్చిన ఆమె మా ఇల్లు తెలియక వీధి మొగదలలో చిల్లరంగడి దగ్గర ఆగి నా పేరు చెప్పి, "ఈ వీధిలో టీబీ పేషెంటు ఇల్లు యాడన్నా?" అని అడిగింది. అంగడాయన చెయ్యి చూపించినాడు. నాకు ఫోన్ చేసి ఉంటే నేనే ఎదురుపోయి తీసుకొచ్చేవాణ్ని. నంబరు ఆమె చేతిలోని కాగితంలోనే ఉంది.

ఇంట్లోకి వచ్చి చక్కగా మాట్లాడింది. అమ్మకు, నా భార్యకు, బిడ్డకు ఏం చెయ్యాలో చెప్పింది. లేచేముందు "ఒక ఫోటో సార్, పై ఆఫీసుకు పంపాల" అంది. మందు డబ్బా పట్టుకుని నిలబెట్టి తీసింది. ఆ ఫోటో ఒక వాట్సాప్ గ్రూపులోకి పోయింది. ఆ గ్రూపులో సచివాలయం వాళ్లు, ఆశాలు, ఇంకా వార్డు మనుషులు ఎందరో ఉన్నారని తర్వాత తెలిసింది. అందులో ఒకరి మరిది మా లాడ్జి పక్క లాడ్జిలో పనిచేస్తాడు.

కోవిడ్ అప్పుడు ఇళ్ల తలుపులకు కాగితాలు అంటించడం అందరం చూసినాం. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ పద్ధతి తప్పని చెప్పింది. విపత్తు చట్టం కింద అధికారులు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అట్లా అంటించకూడదని తీర్పు. నా తలుపుకు ఎవరూ కాగితం అంటించలేదు. అంగడి దగ్గర అడిగిన ఒక్క ప్రశ్నతో ఆ పని జరిగిపోయింది.

రెండు రోజులకు ఇంటి ఓనరమ్మ వచ్చింది. గడప దాటి లోపలికి రాలేదు. "మీరు బాగుండాలనే చెప్తా ఉండా నాయనా. కింద మా మనవడు ఉండాడు. నువ్వు కొన్నాళ్లు మీ ఊరికి పోయి ఉంటే బాగుంటుంది" అంది. కోపంగా అనలేదు. భయపడి అంది. అదే వారం మా లాడ్జి ఓనరుకు ఎవరో ఫోన్ చేసి, మీ రిసెప్షనులో టీబీ ఉన్న మనిషిని కూర్చోబెట్టుకున్నారని చెప్పినారు. నేను అప్పటికి సెలవులోనే ఉన్నాను. ఓనరు నన్ను పిలిచి, "ఏం జబ్బన్నది నాకు అక్కర్లేదు. పనిలోకి రావొచ్చని డాక్టరుతో ఒక కాగితం రాయించుకురా" అన్నాడు. ఆయన మర్యాద నిలబెట్టుకున్నాడు. ఇంకో ఓనరయితే లెక్క చూసి పంపేసేవాడు.

ఎవరికి చెప్పుకోవాలన్నది పెద్ద సమస్య అయింది. కలెక్టరేటులో సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది, అర్జీ ఇమ్మన్నారు ఒకరు. అక్కడ కూడా జనం మధ్యలో నిలబడి, పేరూ ఫోన్ నంబరూ చెప్పి, టీబీ సంగతి బయటపడిందని గట్టిగా చెప్పుకోవాలి. ఆ అర్జీ ఎన్ని బల్లలు దాటుతుందో ఎవరికి తెలుసు? రోగం గుట్టుగా ఉంచమని అడగడానికి రోగాన్ని మళ్లీ పదిమంది ముందు పెట్టాల్సి వచ్చే దారి నాకు వద్దనిపించింది. నిక్షయ్ సంపర్క్ హెల్ప్‌లైన్ 1800 11 6666కు ఫోన్ చేసినాను. తెలుగులో మాట్లాడినారు. మీ టీబీ యూనిట్ మెడికల్ ఆఫీసరుకు రాతపూర్వకంగా ఇవ్వండి, తీరకపోతే జిల్లా క్షయ నివారణాధికారి ఉన్నారని చెప్పినారు.

లాడ్జి లెటర్ల పుణ్యమా అని రాయడం నాకు అలవాటే. ఒక పేజీ రాసినాను. వైద్యం పట్ల కృతజ్ఞత చెప్పి, జరిగింది రెండు ముక్కల్లో రాసి, నేను కోరేవి రాసినాను. ఇంటికి వచ్చేముందు నాకు ఫోన్ చెయ్యాలి, ఇరుగుపొరుగును అడగకూడదు. వాట్సాప్ గ్రూపులో ఉన్న నా ఫోటో తీసెయ్యాలి, ఇకమీదట ఫోటో తియ్యకూడదు. మందు వేసుకుంటున్నానా లేదా చూసే మనిషిగా నా భార్యను పెట్టాలి. రిజిస్టరు బల్ల మీద తెరిచి పెట్టకూడదు, పేరు పెట్టి గట్టిగా పిలవకూడదు. రెండు కాపీలు తీసుకుపోయి, ఒకదాని మీద తేదీ వేసి సంతకం పెట్టించుకున్నాను. ఈ పని మాత్రం ఎవరూ మరవకండి. సంతకం ఉన్న కాపీ చేతిలో ఉంటే రెండోసారి పోయినప్పుడు మాట తీరే మారుతుంది.

మెడికల్ ఆఫీసరు మేడం చదివి, నన్ను లోపలికి పిలిచి కూర్చోమంది. ఎస్టీఎస్‌ను, అంటే టీబీ వైద్యం పర్యవేక్షించే సూపర్‌వైజరును కూడా పిలిచింది. వాళ్ల బాధ అప్పుడు తెలిసింది. ఫీల్డుకు పోయినట్టు ఫోటో పెట్టకుంటే పోనట్టే లెక్క. పొద్దున పది ఇళ్లు తిరిగి, ఫోటో లేకపోతే సాయంత్రం మీటింగులో మాట పడాలి. ఇంటికొచ్చిన ఆమెది తప్పు అని నేను అనలేకపోయినాను. ఆమె చేసిన పనికి రుజువుగా నా ముఖం అడిగినవాళ్లు ఆమె పైన ఉన్నారు.

"రుజువు కావాలంటే మందు కార్డు మీది నిక్షయ్ ఐడీ నంబరు ఫోటో తీసుకోండి మేడం. పేరు వేలితో మూసి తీసుకోవచ్చు" అన్నాను. లాడ్జిలో మేము మాస్క్‌డ్ ఆధార్ తీసుకుంటాం కదా, మొదటి ఎనిమిది అంకెలు కనపడకుండా చివరి నాలుగే ఉండేది, అట్లా. ఎస్టీఎస్ కాసేపు ఆలోచించి సరేనన్నాడు. నా భార్యను మందు చూసే మనిషిగా అప్పుడే మార్చినారు. ఇంట్లో వాళ్లను పెట్టుకోవడానికి నియమాల్లో ఇబ్బంది లేదు, మొదట నన్ను ఎవరూ అడగలేదు, అంతే. గ్రూపులోని ఫోటో తీసేసినారు. అప్పటికే ఎవరెవరి ఫోన్లలోకి దిగిపోయిందో దానికి ఎవరూ జవాబుదారీ కారు. అది నాకు ఇప్పటికీ ముల్లులా ఉంది.

ఓనరుకు ఇవ్వాల్సిన కాగితం అడిగితే మేడం తన చేత్తో రాసిచ్చింది. ఫలానా వ్యక్తి మా దగ్గర వైద్యం తీసుకుంటున్నారు, ఫలానా తేదీ నుంచి పనిలో చేరడానికి ఆరోగ్యపరంగా అభ్యంతరం లేదు. అంతే. జబ్బు పేరు లేదు. "పనిచేసే చోటికి ఇంతకన్నా తెలియాల్సిన పని లేదు" అంది. డాక్టరు రోగి గుట్టు కాపాడాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. కోర్టు అడిగితే, ఇంకొకరికి ప్రమాదం ఉంటే, ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బయితే మాత్రమే మినహాయింపు. ప్రభుత్వానికి తెలియజేయడం ఆ మినహాయింపులో ఉంది. చిల్లరంగడికి తెలియజేయడం లేదు.

ఓనరమ్మ విషయంలో నేనే ఒక నిర్ణయం తీసుకున్నాను. ఎట్లాగూ తెలిసిపోయింది, సగం సగం తెలిసి భయపడటం కన్నా సరిగ్గా తెలియడం మేలు. ఎస్టీఎస్‌ను నేనే ఇంటికి పిలిచినాను. నేను పక్కన ఉండగా ఆమెకు చెప్పమన్నాను. మందు మొదలుపెట్టి సక్రమంగా వేసుకుంటే కొన్ని వారాల్లోనే ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుందని, తలుపులూ కిటికీలూ తెరిచి ఉంచాలని, గిన్నెలు వేరు పెట్టాల్సిన పని లేదని ఆయన చెప్పినాడు. ఆమె మనవడికి కూడా పరీక్ష చేయిస్తామన్నాడు. ఇల్లు ఖాళీ చెయ్యమన్న మాట మళ్లీ రాలేదు. అదే మనుషులు అదే మాట చెప్పినారు. నన్ను అడిగి చెప్పినప్పుడు నాకు సాయమైంది.

ఆభా సంగతి మిగిలింది. యాప్ దించుకుని చూసినాను. లోపల నా పేరు మీద ఏయే ఆసుపత్రి రికార్డులు కలిసినాయో కనపడుతుంది. ఇంకో ఆసుపత్రి నా రికార్డులు చూడాలంటే యాప్‌కు అభ్యర్థన వస్తుంది. ఏ కాగితాలు, ఎన్నాళ్ల వరకు చూడొచ్చో నేనే నిర్ణయించి ఒప్పుకోవచ్చు, వద్దనొచ్చు, ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోవచ్చు. కాగితం మీద చూస్తే మంచి ఏర్పాటు. వరండాలోని రిజిస్టరు కన్నా నూరు రెట్లు నయం. చిక్కల్లా ఆ అనుమతి బటను స్మార్టుఫోన్ ఉండి, చదువు వచ్చి, తీరిక ఉన్నవాడి చేతిలోనే ఉంటుంది. వరుసలో నా ముందు నిలబడిన పెద్దామె తన ఓటీపీ కోసం ఫోన్‌నే ఆ అబ్బాయి చేతికి ఇచ్చేసింది.

ఆభా వెబ్‌సైటులో లాగిన్ అయితే తాత్కాలికంగా ఆపేసుకోవడానికి, పూర్తిగా తీసేసుకోవడానికి రెండు వీలులూ ఉన్నాయి. ఆపేస్తే మళ్లీ తెరుచుకోవచ్చు, తీసేస్తే ఆ నంబరు తిరిగిరాదు. నేను ఆపేసినాను. కారణాలు అడగడానికి ఒక గడి ఉంది, అందులో "అడిగి చెయ్యలేదు" అని రాసినాను. ఆపేసినాక కూడా ఓపీ చీటీ మామూలుగానే ఇచ్చినారు, మందులు ఆగలేదు. వైద్యం పోతుందని భయపడి వెనకాడేవాళ్లుంటే ఆ భయం అక్కర్లేదు. రేపు ఏదైనా పెద్ద ఆసుపత్రికి పోవాల్సి వస్తే, పాత రిపోర్టులు ఒకచోట కావాలనిపిస్తే అప్పుడు నేనే తెరుచుకుంటాను.

నేను ఊరికే అనుమానపడుతున్నానని లాడ్జిలో ఒకతను అన్నాడు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లను దుండగులు స్తంభింపజేస్తే రెండు వారాల దాకా చేత్తో రాసుకుంటూ పని నడిపినారు. 2023 జూన్‌లో టెలిగ్రామ్‌లో ఒక బాట్‌కు ఫోన్ నంబరు ఇస్తే టీకా వేయించుకున్న వాళ్ల వివరాలు చెప్తోందని పత్రికలన్నీ రాసినాయి. కోవిడ్ టీకాల పోర్టల్ కోవిన్ నుంచి నేరుగా పోలేదని ప్రభుత్వం చెప్పింది. ఎక్కడినుంచి పోయినా పోయినవి జనం వివరాలే.

చట్టం కూడా చదివినాను. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడినాయి, ముఖ్యమైన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువు పెట్టినారు. సమాచారం కాపాడే ఏర్పాట్లు చెయ్యకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా. అంటువ్యాధి వచ్చినప్పుడు వైద్యం కోసం ఒప్పుకోలు లేకుండా కూడా వివరాలు తీసుకోవచ్చని అందులోనే ఉంది. నాకు అందులో తప్పు కనపడలేదు. నన్ను ఆపేసింది ఇంకొకటి. ఆ చట్టం కంప్యూటరులోకి ఎక్కిన సమాచారానికే వర్తిస్తుంది. కాగితం మీద రాసి, కాగితం మీదే ఉండిపోయిన పేరు దాని పరిధిలోకి రాదు. వరండాలో బల్ల మీద తెరిచిన రిజిస్టరు, అంగడి దగ్గర నోటితో అడిగిన ప్రశ్న దాని కిందికి రావు. నాకు నష్టం జరిగింది సరిగ్గా ఆ రెండింటి వల్ల. ఢిల్లీలో 250 కోట్ల జరిమానా రాసినవాళ్లకు మా వరండా బల్ల కనపడలేదు.

కోర్సు మధ్యలో పౌష్టికాహారం కిట్టు ఇస్తామని పిలిచినారు. 2022 సెప్టెంబరులో మొదలైన టీబీ ముక్త్ భారత్ అభియాన్ కింద దాతలు నిక్షయ్ మిత్రలుగా పేరు రాయించుకుని రోగులకు పప్పులు, నూనె, వేరుశెనగలు ఇస్తారు. రోగి ఒప్పుకుంటేనే దాతతో కలపాలి. చాలామందికి అది నిజంగా ఆసరా. మందు వేసుకుంటే ఆకలి విపరీతంగా వేస్తుంది, కూలికి పోలేని ఇంట్లో ఆ సంచి విలువ చాలా ఎక్కువ. అయితే ఇచ్చేది వేదిక మీద, వెనక ఫ్లెక్సీ, ముందు ఫోటోగ్రాఫరు. పది మంది రోగులను వరుసగా నిలబెట్టినారు. మాస్కు ఉన్నా కళ్లు చూసి పోల్చుకోలేని తిరుపతి కాదు మాది.

నేను వరుసలోకి పోలేదు. దాతగా వచ్చిన పెద్దాయన దగ్గరికి పోయి, "అయ్యా, మీరు ఇచ్చేది దండం పెట్టి తీసుకుంటాను. ఫోటోలో మాత్రం నిలబడలేను. నాకు కూతురుంది" అన్నాను. ఆయన ఒక నిమిషం నా ముఖం చూసినాడు. ఫోటోగ్రాఫరును కెమెరా దించమన్నాడు. సంచులు అందరికీ ఇప్పించి, తర్వాత సంచులనూ తననూ మాత్రం ఫోటో తీయించుకున్నాడు. వరుసలో ఉన్న ఒక అమ్మాయి, ఇరవై ఏళ్లు ఉంటాయేమో, కొంగు తీసి నిట్టూర్చడం చూసినాను. ఆమె అడగలేకపోయింది. అడిగే నోరు ఉన్నవాళ్లకే గుట్టు దక్కితే ఆమెలాంటి వాళ్ల సంగతేమిటి? ఫోటో వద్దనడానికి రోగి చెయ్యెత్తాల్సిన పని ఉండకూడదు. తియ్యాలనుకున్నవాళ్లే ముందు ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడగాలి.

చివరి పరీక్షలో టీబీ లేదని వచ్చింది. కోర్సు అయినాక కూడా రెండేళ్ల దాకా ఆరు నెలలకొకసారి చూస్తారు, అంటే నా పేరు ఇంకా వాళ్ల లెక్కల్లో ఉంది. ఉండనీ. మొన్న ఆ పరీక్ష కోసం ఫోన్ వచ్చింది, మొదట ఇంటికొచ్చిన ఆమే చేసింది. "సార్, ఇంటికి రానా, మీరే వస్తారా?" అని అడిగింది. నేనే పోయినాను. బల్ల వరండాలో నుంచి గదిలోకి మారింది. రిజిస్టరు మూసి పెట్టినారు, పేరు రాసేటప్పుడు మాత్రం తెరుస్తున్నారు. గదికి తలుపు ఉంది గానీ గడియ పని చెయ్యడం లేదు, గాలికి తెరుచుకుంటోంది. మేడంకు చెప్పినాను, రాసిచ్చినాను కూడా. కాపీ మీద తేదీ వేయించుకున్నాను.